విప్పి కట్టిన ఇల్లు

హైదరాబాద్‌కు పడమటన ఉన్న తెల్లాపూర్, కొల్లూరు, వెలిమెల, ఈదులనాగులపల్లి వైపు పాత ఊరి ఇళ్ళు మూడు తీర్లు: గుడిసె, పెంకుటిల్లు, భవంతి. గుడిసె కూలిచేసుకు బతికేవాళ్ళది. పెంకుటిల్లు కొద్దో గొప్పో భూమి ఉన్న రైతుది, పని బాగా సాగే వడ్లాయనది, కమ్మరిది. భవంతి ఊరికి ఒకటో రెండో ఉండేది. పటేలుదో, పట్వారీదో, పెద్ద కాపుదో అయ్యేది. ఇంటి తీరు పేరు వింటేనే అందులో ఉండేవాళ్ళ కొలత తెలిసిపోయేది. మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో కలిసి హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న శామీర్‌పేటను పరిశీలించి, 1955లో 'ఇండియన్ విలేజ్' ప్రచురించారు. తెలంగాణ ఊరి కులాలను, వృత్తులను, ఇంటి బతుకును ఒకచోట చేర్చిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. అప్పుడు ఆయన చూసినవి జనం కాపురమున్న ఇళ్ళు. ఇప్పుడు అలాంటి ఇంటిని చూడాలంటే చాలామంది టికెట్టు కొని మ్యూజియానికి వెళ్తున్నారు.

ఇంటికి మొదటి సరుకు మట్టి. ఈ ప్రాంతంలో అది రెండు రంగులు. రాతిగుట్టల చుట్టూ ఎర్ర చెలక, పల్లపు చోట్ల నల్లరేగడి. రేగడి పంటకు మంచిదే గాని గోడకు పనికిరాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బెత్తెడు పగుళ్ళు తీస్తుంది. దాని మీద కట్టిన గోడా అలాగే నెర్రెలిస్తుంది. అందుకే గోడకు ఎర్రమట్టి తవ్వుకొచ్చేవారు. ఆ మట్టిని గుంతలో నానబెట్టి, వరిగడ్డి తుంపులు కలిపి, కాళ్ళతో తొక్కి, ముద్దలుగా వరస మీద వరస పెట్టేవారు. ఒక వరస ఆరితేగాని రెండోది ఎక్కకూడదు. తొందరపడితే కింది వరస బరువుకు కుంగి గోడ పక్కకు ఒరుగుతుంది. కాబట్టి మట్టి ఇల్లు ఎండాకాలపు పని. కోతలయ్యాక మొదలుపెట్టి, తొలకరికి ముందే కప్పు వేసుకోవాలి. అడుగున మాత్రం రాయి ఉండేది. ఈ నేలలో రాతికి కరువు లేదు.

కప్పు దగ్గరే ఇళ్ళ అంతరం బయటపడేది. గుడిసెకు బోద గడ్డి, తాటాకు, జొన్న చొప్ప. ఏదైనా రెండు మూడేళ్ళకు మించి ఆగదు. పెంకుటింటికి గూన పెంకులు. కుమ్మరి సారె మీద కుండ తీసినట్టే గొట్టం తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా కోసి, ఆరబెట్టి, ఆవంలో కాల్చేవాడు. వెల్లకిల వేసిన పెంకుల వరస మీద బోర్లా వేసిన వరస. వాన నీరు కింది పెంకు గాడిలోంచి జారిపోతుంది. కోతులు దూకినా, పిల్లి పరుగెత్తినా పెంకులు కదులుతాయి. ఏటా మృగశిరకు ముందు కప్పెక్కి పెంకులు సర్దడం ఒక తప్పని పని. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ పెంకుల ఫ్యాక్టరీ మొదలయ్యాక, ఒకదానికొకటి కొక్కెంలా తగులుకునే పలక పెంకులు దక్షిణాదిన పాకాయి. ఇక్కడి జనం వాటిని బెంగుళూరు పెంకులంటారు. అవి వచ్చాక కుమ్మరి చేతిలోంచి ఒక పని జారిపోయింది.

భవంతి అనే మాటకు పుస్తకాల్లో పెద్ద మేడ అని అర్థం. ఊళ్ళో మాత్రం నడుమ ఆకాశం కనిపించే ఇల్లని అర్థం. వీధి వైపు ఎత్తైన గోడ, దానికి పెద్ద దర్వాజ, అటూ ఇటూ అరుగులు. దర్వాజ చెక్కడం వడ్లాయన పనితనానికి గుర్తు. కడప మీద పసుపు, కుంకుమ ఆరకుండా ఉంటే అది కళకళలాడే ఇల్లు. దర్వాజ దాటితే నాలుగు వైపులా వసారాలు, కట్టె కంబాలు, మధ్యలో గుంటలా దిగిన వాకిలి. వాన అక్కడే కురుస్తుంది, వెలుతురు అక్కడి నుంచే వస్తుంది. వసారాల వెనుక అర్రలు. అర్రలకు వీధి వైపు కిటికీలు దాదాపు ఉండవు. దొంగల భయం ఒకటి, ఎండ ఒకటి. చీకటి గదిలో గోడకు తొలిచిన దిగూడులో దీపం పెట్టేవారు. ఆ గూటి పైభాగాన పేరుకున్న మసి చూస్తే ఎన్నేళ్ళు దీపం వెలిగిందో లెక్క కట్టొచ్చు. పునర్నిర్మించిన ఇళ్ళలో ఆ మసి కనిపించదు. గూడు మాత్రం శుభ్రంగా, సున్నం వేసి ఉంటుంది.

మనుషుల కంటే ముందు పశువులకూ గింజలకూ చోటు చూసి కట్టిన ఇల్లది. ఎడ్ల కొట్టం ఇంట్లోనో, ఇంటిని ఆనుకునో ఉండేది. దాని పక్కన కుడితి గోలెం. వంటింటి కడుగునీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, తౌడు అందులోకి పోయేవి. అక్కడి నుంచి ఎడ్ల కడుపులోకి, ఎడ్ల పేడ గోడకూ నేలకూ పొయ్యికీ. పారేసేదంటూ దాదాపు ఏమీ ఉండదు. పెరటి వైపు రోలు, ఇసుర్రాయి, పాలు కాగే దాలి, పైన ఉట్టి. దాలిలో పిడకల నిప్పు పొద్దంతా సన్నగా రగులుతుంటే పాలు ఎర్రగా కాగి మీగడ కట్టేవి.

గింజల దాపు ఈ ఇంటికి గుండెకాయ. జొన్న ప్రధానమైన తిండిగా ఉన్న కాలంలో దాన్ని దాచేందుకు రెండు పద్ధతులు. ఒకటి గుమ్మి: వెదురుతో మనిషెత్తు బుట్ట అల్లి, లోపలా బయటా పేడమట్టి మెత్తి, మూతకు కూడా మట్టి పూసేవారు. రెండోది పాతర. గట్టి నేలలో సన్నటి మూతితో లోతుగా గొయ్యి తీసి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన మట్టి కప్పేస్తే గాలి ఆడక పురుగు పుట్టదు. తీసేటప్పుడు మూత తెరిచి లోపలి చెడుగాలి పోయాకే మనిషి దిగాలి. తొందరపడినవాళ్ళ ప్రాణాలు పోయిన కథలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. పాతర పోయినా మాట మిగిలింది. ఎవరినైనా, దేన్నైనా పాతరేశారని ఇప్పటికీ అంటాం. ఆ మాట వెనుక జొన్నలున్నాయన్న సంగతి వినేవాళ్ళకు తట్టదు.

ఇల్లు కట్టడం ఒకసారి జరిగే పని. నిలబెట్టడం ఏడాది పొడుగునా సాగే పని. రోజూ తెల్లవారకముందే వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు పెట్టాలి. వారానికో పండుగకో లోపలి నేల అలకాలి. దసరాకు ముందు గోడలకు మట్టి మెత్తి, సున్నమో సుద్దో పూసి, అడుగు అంచుకు జాజు గీయాలి. వానలో కరిగిన గోడ మూలను మళ్ళీ మట్టితో నింపాలి. చెదలు పట్టిన వాసం మార్చాలి. ఇందులో సగానికి పైగా ఆడవాళ్ళ చేతి పని. మిగతాది వడ్ల, కమ్మరి, కుమ్మరి కులాలవాళ్ళది. వాళ్ళకు పైకం బదులు పంట రాగానే కల్లంలోనే గింజలు కొలిచి ఇచ్చేవారు. అందువల్ల ఇల్లు పొలంతో ముడిపడి ఉండేది. పంట పోయిన ఏడు పెంకులూ మారవు, గోడలకు సున్నమూ పడదు.

ఆ ముడి విడిపోవడం ఈ నేల మీద యాభై అరవై ఏళ్ళ కథ. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం 1960లలో వచ్చింది. ఆ వెనుక పటాన్‌చెరు పారిశ్రామిక వాడ పెరిగింది. ఇక్కడి ఊళ్ళ నుంచి యువకులు షిఫ్టు పనికి పోవడం మొదలయ్యాక ఎడ్లు తగ్గాయి. ఎడ్లు తగ్గితే పేడ తగ్గింది, పేడ తగ్గితే అలుకు తగ్గింది. నేల మీదికి తాండూరు బండలు వచ్చాయి, తర్వాత సిమెంటు, ఆ తర్వాత టైల్స్. జొన్న స్థానంలోకి రేషను బియ్యం రాగానే పాతరతో పని లేకపోయింది. ఇల్లు కూలిపోకముందే ఇంటి పనులు ఒక్కొక్కటే ఇల్లు వదిలి వెళ్ళిపోయాయి. ఇక మట్టి గోడ పెద్దాయన పెద్దామె బతికినన్నాళ్ళు ఆగి, వాళ్ళతోపాటే ఒరిగింది.

స్వీడన్‌లో ఇదే జరిగినప్పుడు ఆర్టర్ హజేలియస్ అనే భాషా పండితుడు ఒక విచిత్రమైన పని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలూ రైళ్ళూ వచ్చి పాత రైతు ఇళ్ళు కనుమరుగవుతుంటే, ఆ ఇళ్ళనే విప్పి స్టాక్‌హోమ్‌కు తెప్పించాడు. 1891లో స్కాన్సెన్ పేరుతో వాటిని ఆరుబయట నిలబెట్టి జనానికి తెరిచాడు. డాలార్నా ప్రాంతంలోని మోరా నుంచి తెచ్చిన దుంగల ఇల్లు ఆ సేకరణకు తొలి మెట్టు. అంతకు పదేళ్ళ ముందే నార్వేలో రాజు రెండో ఆస్కార్ తన ఎస్టేటులో కొన్ని పాత కట్టడాలు చేర్చాడు గాని, ఆరుబయలు మ్యూజియం అనే మాటకు స్కాన్సెనే పర్యాయపదమైంది. ఆ పద్ధతి అక్కడ తేలిగ్గా సాగడానికి కారణముంది. ఆ ఇల్లంతా కట్టెతోనే. దుంగలకు అంకెలు వేసి విప్పి, బండి మీద తెచ్చి, అదే వరసలో పేర్చితే ఇల్లు తిరిగి లేస్తుంది. మట్టిగోడకు అంకె వేయడం కుదరదు. విప్పితే అది మట్టే.

మన దేశంలో ఈ పనికి దిగినవాళ్ళందరికీ ఆ చిక్కు ఎదురైంది. ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియంలోని పల్లె ఇళ్ళు 1972 నాటి ప్రదర్శన కోసం కట్టినవి. పోయిన ఇంటికి నమూనాలు. 1977లో ఏర్పడి తర్వాత భోపాల్‌లో స్థిరపడిన మానవ సంగ్రహాలయం, శ్యామలా గుట్టల మీద సుమారు 200 ఎకరాల్లో గిరిజనుల చేతనే వాళ్ళ ఇళ్ళు కట్టించింది. ఈ పద్ధతికి ఒక న్యాయం ఉంది: ఇల్లు కొత్తదైనా కట్టిన చేయి పాతదే.

పాత ఇంటిని నిజంగానే విప్పి తెచ్చిన చోటు చెన్నైకి దక్షిణాన ముట్టుకాడులో ఉన్న దక్షిణచిత్ర. డెబొరా త్యాగరాజన్ 1984లో స్థాపించిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్, తీరం ఒడ్డున పది ఎకరాల్లో దీన్ని 1996 డిసెంబరులో తెరిచింది. తొలి నమూనాకు వాస్తుశిల్పి లారీ బేకర్ చేయివేశారు. వారసులు కూల్చి అమ్మేయబోతున్న ఇళ్ళను కొని, కొలతలు తీసి, బొమ్మలు గీసి, కంబాలు, దూలాలు, దర్వాజలు, పెంకులు లారీల మీద తరలించి, ఆయా ప్రాంతాల పనివాళ్ళ చేతనే తిరిగి నిలబెట్టించడం అక్కడి పద్ధతి. కట్టె పాతది, గోడ మట్టుకు కొత్తది. తమిళనాడు చెట్టియార్ల ఇల్లు, కేరళ సిరియన్ క్రైస్తవుల ఇల్లు, కర్ణాటక ఇల్కల్ నేతకారుల ఇల్లు వరసలో తెలుగువాళ్ళవీ ఉన్నాయి. ఒకటి ఉత్తర కోస్తా చుట్టిల్లు: గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలదాకా దిగిన తాటాకు కప్పు. తుఫాను గాలికి మూల దొరకకుండా చేసిన ఉపాయమది. రెండోది నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఇక్కత్ నేతకారుల ఇల్లు. తెలంగాణ ఇంటి కొలతను సొంత ఊరికి వందల కిలోమీటర్ల దూరంలో, తమిళ నేల మీద చూడాల్సి రావడం ఒక వింత.

నేతకారుల ఇంట్లో కాపురం, కార్ఖానా ఒకటే కప్పు కింద. గుంట మగ్గం నేలలోకి దిగి ఉంటుంది. నేసేవాడు నేల మట్టానికి కూర్చొని కాళ్ళు గుంటలోకి వేలాడేసి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. మట్టి నేల చెమ్మకు నూలు పోగు తెగదని వాళ్ళ అనుభవం. గోడ వారన ఆసు: అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చట్రం. రంగులద్దేముందు నూలును ఆ మేకుల చుట్టూ ముందుకూ వెనక్కూ తిప్పాలి. ఒక్క చీరకు చేయి తొమ్మిది వేల సార్లు ఆడాలి. ఆ పని ఇంటి ఆడవాళ్ళది, భుజం నొప్పీ వాళ్ళదే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి నొప్పి చూడలేక, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మ్యూజియం ఇంట్లో మగ్గం ఆడుతూ కనిపిస్తే చూసేవాళ్ళకు హాయి. తొమ్మిది వేల సార్లు తిరిగిన చేయి మాత్రం ప్రదర్శనకు లొంగేది కాదు.

తెల్లాపూర్ వాసులకు దగ్గరిది మాదాపూర్‌లోని శిల్పారామం. నల్లగండ్ల, గచ్చిబౌలి మీదుగా పోతే అటూ ఇటూగా పదిహేను కిలోమీటర్లు. 1992లో సుమారు 65 ఎకరాల్లో చేతివృత్తుల సంతగా మొదలైన ఈ చోట ఒక గ్రామీణ మ్యూజియం ఉంది. మట్టి గోడలు, గడ్డి కప్పులు ఉన్న పదిహేను దాకా గుడిసెలు, వాటిలో నిలువెత్తు బొమ్మలు: సారె తిప్పే కుమ్మరి, కొలిమి దగ్గర కమ్మరి, మగ్గం మీద నేతగాడు. ఇవేవీ ఏ ఊరి నుంచో విప్పి తెచ్చినవి కావు, కొత్తగా కట్టినవి. అందుకని వాటిని తక్కువగా చూడనక్కర్లేదు. పిల్లలకు చాట, జల్లెడ, రోకలి పేర్లు చెప్పడానికి అమ్మమ్మలకు ఇంతకంటే అనువైన చోటు ఈ మహానగరంలో దొరకదు. బొమ్మకు దండం పెట్టి పక్కింటి ముత్తమ్మలా ఉందని నవ్వే ముసలివాళ్ళను చూస్తే, మ్యూజియం ఎవరికోసమో కొంచెం తెలుస్తుంది.

నమూనా గుడిసెకు ఇంకో విలువ కూడా ఉంది. విప్పి తెచ్చే మ్యూజియాల్లో కూలివాడి ఇల్లు దాదాపు కనిపించదు. మిగిలేది టేకు దూలం ఉన్న ఇల్లు, చెక్కిన దర్వాజ ఉన్న ఇల్లు, అంటే కలిగినవాళ్ళ ఇల్లు. బోద గడ్డి కప్పుకు నూరేళ్ళ ఆయుష్షు ఉండదు కాబట్టి గుడిసెను కొత్తగా కట్టి చూపడం తప్ప దారి లేదు. గడీల విషయంలో తిరకాసు మరో రకం. దేశ్‌ముఖుల, దొరల గడీలు రాతితో, సున్నంతో, టేకుతో కట్టినవి; నిలవగల ఇళ్ళే. కానీ వెట్టిచాకిరీ చేసిన ఊరికి వాటిని దాచుకోవాలనిపించలేదు. 1946-51 రైతాంగ పోరాట కాలంలో దొరలు వదిలిపోయినవి, తర్వాత ఆలనా పాలనా లేక పడిపోయినవి తెలంగాణ అంతటా కనిపిస్తాయి. ఏ ఇల్లు దాచాలో నిర్ణయించడంలో కట్టె బలానికి ఎంత వాటా ఉందో, ఊరి జ్ఞాపకానికీ అంతే ఉంది.

తెల్లాపూర్ ఉన్న సంగారెడ్డి జిల్లాలో మ్యూజియానికి ఎక్కిన అతి పాత నివాసం అసలు ఇల్లుగా మిగలలేదు. సంగారెడ్డికి దగ్గర్లోని కొండాపూర్‌లో (హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ వేరు) 1940ల తొలినాళ్ళలో నిజాం పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే శాతవాహన కాలపు ఇటుక పునాదులు, నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు బయటపడ్డాయి. దిబ్బ పక్కనే చిన్న మ్యూజియం ఉంది. అక్కడ ఇల్లు ఊరు దాటి ఎక్కడికీ పోలేదు. గోడలే పోయాయి.

తెల్లాపూర్‌లో మిగిలిన పాత గుర్తు ఇంటికి సంబంధించింది కాదు, బావికి సంబంధించింది. ఫిరోజ్‌షా బహమనీ (1397-1422) కాలపు తెలుగు శాసనం ఇక్కడ దొరికింది. అందులో ఈ ఊరి పేరు తెలుంగణపురం. తెలంగాణ అనే మాట చరిత్ర వెతికేవాళ్ళు ఆ శాసనం దగ్గర తప్పకుండా ఆగుతారు. అది చెప్పే ముఖ్య విషయాల్లో బావి తవ్వించడం ఒకటి. ఆరు వందల ఏళ్ళ కిందటి ఊరి నుంచి ఒక్క గోడా మిగలకపోయినా, నీళ్ళ సంగతి రాతి మీద మిగిలింది. 2018లో తెల్లాపూర్ మున్సిపాలిటీ అయింది. పక్కనే కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభమైన రెండు పడకగదుల ఇళ్ళ కాలనీలో 15,660 ఇళ్ళున్నాయి. వాటిలో ఒక్కదానికీ కొట్టం లేదు, గుమ్మికి చోటు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

ఇల్లు కాదు, ఊరే లేచిపోయిన ఉదాహరణ పటాన్‌చెరులో ఉంది. 1972లో ఇక్రిశాట్ ఏర్పడినప్పుడు దానికిచ్చిన సుమారు 1,400 హెక్టార్ల నేలలో కాసిరెడ్డిపల్లి, మన్మూల్ ఊళ్ళు ఉండేవి. జనాన్ని బయటికి తరలించారు. ఆ ఇళ్ళను ఎవరూ అంకెలు వేసి విప్పలేదు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద పరిశోధన చేసే సంస్థ జొన్నలు పాతరేసుకున్న ఊళ్ళ నేల మీద నిలిచింది. అక్కడి నేలలను వర్గీకరించినప్పుడు ఎర్ర నేలకు పటాన్‌చెరు శ్రేణి అనీ, నల్లరేగడికి కాసిరెడ్డిపల్లి శ్రేణి అనీ పేర్లు పెట్టారు. ఆ రేగడి మీద జరిగిన ప్రయోగాల గురించి రాసిన పరిశోధన పత్రాల్లో ఆ ఊరి పేరు ఇప్పటికీ అచ్చవుతోంది.